పండుగప్ప పిల్ల నోరు తెరిచే పూట

గుడ్డులోంచి అప్పుడే బయటపడిన చేపపిల్లకి నోరు ఉండదు. ఈ ఒక్క ముక్క ఒక ఇంట్లోవాళ్ళకి నచ్చజెప్పడానికి నాకు వేసవి అంతా పట్టింది. చెప్పినప్పుడల్లా "ఆయ్, అలాగేనండి" అనేవారు. రాజోలులో పుట్టి పెరిగినదాన్ని, మా వైపు మర్యాదకి అనే ఆ మాట విని తృప్తిపడకూడదని నాకు తెలియాలి. తెలిసీ ప్రతిసారీ తృప్తిపడ్డాను. తర్వాత ప్రతిసారీ తల పట్టుకున్నాను.

మా ఇంట్లో అందరూ మాస్టార్లే. తాతగారు, నాన్నగారు, ఇద్దరు పెద్దమ్మలు. మా వీధిలో రాయి విసిరితే టీచరుకో నర్సుకో తగులుతుంది. నేను కూడా జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ, ఆ పైన బీఈడీ చేసి, ఒక ప్రైవేటు స్కూల్లో రెండేళ్ళు పాఠం చెప్పాను. నల్లబల్ల మీద కప్ప బొమ్మ గీసి గీసి విసుగెత్తి, ఆ ఉద్యోగం మానేసి, చేపల హేచరీలో పిల్లల్ని పెంచే పని నేర్చుకోవడానికి వెళ్ళిపోయాను. నాన్నగారు నెల్లాళ్ళు నాతో సరిగా మాట్లాడలేదు. ఓ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద నిలబడి, "బల్ల దగ్గర నిలబడాల్సిన పిల్ల నీచు నీళ్ళలో చేతులు పెడతానంటోందండి" అని పాస్టరుగారితో అన్నారు, నాకు వినపడేలాగే.

పని నేర్చుకుని వచ్చాక నన్ను పెట్టుకున్నది సఖినేటిపల్లి అవతల, సముద్రం వైపు ఉండే ఒక రైతు. మా వైపు చెరువులు చేసేవాళ్ళని కూడా రైతులనే అంటాం. వాళ్ళ తాతలు పడవల మీద బతికినవాళ్ళు. ఆయన రొయ్య వేసి, రొయ్యతో విసిగి, పండుగప్ప పిల్లని తనే తయారు చేసి చెరువులకి ఇవ్వాలని ఇంటి వెనకాల రేకుల షెడ్డు వేశారు. నేను ఆయన్ని బాబాయిగారూ అనేదాన్ని. ఆయన నన్ను, వయసులో సగం ఉన్నదాన్ని, మేడంగారండి అనేవారు. వచ్చిన మొదటి రోజే ఉన్నదున్నట్టు చెప్పేశారు.

"ఈ వేసవికి రెండు విడతలు గుడ్లు తెప్పిస్తానండి. పెద్ద హేచరీవాళ్ళు అంతకంటే ఇవ్వనన్నారు. రెండిట్లో ఒక్క విడతైనా వేలెడు పిల్లని చూపించండి. లేదంటే నేనీ షెడ్డులో కొబ్బరికాయలు పోసుకుంటానండి. మీరూ వేరే పని చూసుకోవాలి మరి."

వేరే పని అంటే నాకు మళ్ళీ ఆ కప్ప బొమ్మే. అందుకని ఆ రెండు విడతల గుడ్లలో నా బతుకు ఉందనుకున్నాను. ఎక్కువ చేసి చెప్పడం లేదు, నిజంగా అలాగే అనుకున్నాను.

ఆ ఇంట్లో మూడో మనిషి బాబాయిగారి తల్లి. నాకు మామ్మగారు. వయసులో ఉన్నప్పుడు తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి చేపలు అమ్మిన మనిషి. ఇప్పుడు షెడ్డుకీ వంటింటికీ మధ్య తిరుగుతూ ఉంటుంది. నేను పొద్దున్నే షెడ్డులోకి వెళ్ళబోతే గుమ్మంలో అడ్డంగా నిలబడేది. "ముందు నాలుగిడ్లీలు తిని అప్పుడెళ్ళమ్మా, అయ్యెక్కడికీ పోవు." తినే వచ్చానన్నా వినదు. మధ్యాహ్నం మళ్ళీ అదే వరస. ఆవిడ కంటపడిన ప్రాణి ఏదైనా సరే ఖాళీ కడుపుతో ఉండడానికి వీల్లేదు. అలాంటి మనిషి చేతికి నోరులేని పిల్లల్ని అప్పజెప్పాడు దేవుడు.

మొదటి విడత గుడ్లు ఆక్సిజన్ నింపిన సంచుల్లో వచ్చాయి. మర్నాటి పొద్దుటికి పిల్ల అయ్యాయి. ఒక చుక్క నీళ్ళు తీసి మైక్రోస్కోపు కింద పెట్టి బాబాయిగారిని, మామ్మగారిని పిలిచి చూపించాను. వెంట్రుక ముక్క లాంటి పిల్ల. దాని ఒంటి కింద పచ్చసొన సంచి, అందులో ఒక నూనె బొట్టు. కళ్ళు ఉన్నాయి కాని వాటిలో నలుపు లేదు, ఏమీ కనిపించదు దానికి. నోరు ఉండాల్సిన చోట చర్మం మూసుకుపోయి ఉంది. లోపల పేగు రెండు వైపులా మూసుకున్న సన్నటి గొట్టం. చెవుల దగ్గర రెండేసి చిన్న రాళ్ళు మాత్రం అప్పటికే తయారై ఉన్నాయి.

"ఇది తలకిందులుగా వేలాడుతూ ఉంటుంది బాబాయిగారూ. తనతో తెచ్చుకున్న సొన తింటూ ఉంటుంది. తర్వాత కళ్ళలోకి నలుపు దిగుతుంది, నోరు విడుతుంది, పేగు రెండు వైపులా తెరుచుకుంటుంది. ఈ మూడూ ఇంచుమించు ఒకే పూట అవుతాయి. ఆ పూటకి సొన అయిపోవస్తుంది కాబట్టి నోటి ముందు తిండి ఉండాలి. ముందే వేశామా, నీళ్ళు కుళ్ళిపోతాయి. ఆలస్యం చేశామా, పిల్ల నీరసించి, ఆ తర్వాత తిండి ఎదురుగా ఉన్నా అందుకోలేదు."

"మరి తిన్నది పొట్టలో ఇముడుతుందాండి అప్పుడే?"

"అప్పటికి పొట్టే లేదండి. ఉన్నది పేగొక్కటే. పొట్ట తయారవడానికి రెండు వారాలు పైనే పడుతుంది."

"అయ్యబాబోయ్, పొట్ట లేకుండా రెండు వారాలా! ఎంత సుఖమండీ. మన పాట్లన్నీ ఆ పొట్ట కోసమే కదండీ," అని ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. పాఠం బాగా చెప్పాననుకున్నాను. మామ్మగారు మాత్రం మైక్రోస్కోపులోంచి తల ఎత్తి, "నోరు లేకుండా పుట్టడమేంటమ్మా, చోద్యం కాకపోతే," అంది. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. "ఆయ్, అలాగేనమ్మా," అంది.

మర్నాడు పొద్దున షెడ్డు తలుపు తీసేసరికి గుడ్డు నీచు వాసన గుప్పున కొట్టింది. ట్యాంకులో నీళ్ళు పాలు విరిగినట్టు ఉన్నాయి. అడుగున తెల్లటి తెట్టు, అందులో పిల్ల. మామ్మగారు కోడిగుడ్డు ఉడకబెట్టి, పచ్చసొన పల్చటి గుడ్డలో మూటకట్టి, ఆ మూట నీళ్ళలో పెట్టి పిండేసింది. దాచనైనా దాచలేదు. "పుట్టి ఒక పగలూ ఒక రాత్రీ అయిపోయింది. ఎవరూ ఏం పెట్టలేదు. నాకు నిద్ర పట్టక ఒక్క గుడ్డే ఏసేనమ్మా," అంది.

ఆవిడ వేరే లోకం నుంచి తెచ్చిన పద్ధతేం కాదు అది. కట్ల, రోహు పిల్లని పెంచే చెరువుల్లో సొన అలాగే పిండుతారు, అక్కడ బతుకుతాయి కూడా. కాని అక్కడికి తెచ్చే పిల్ల మూడు రోజుల వయసుది, నోరు తెరుచుకునే వస్తుంది. ఈ సంగతి చెబితే వినేవాళ్ళేరీ. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆ ఇంట్లో అడగడానికి నోరు రాకముందే పెట్టేశారు. మా ఇంట్లో మాత్రం తక్కువా? మా అక్కకి కొడుకు పుట్టినప్పుడు నర్సు వద్దు వద్దంటున్నా పెద్దమ్మ పంచదార నీళ్ళలో వేలు ముంచి వాడి చేత నాకించింది. ఆవిడ ముప్పయ్యేళ్ళు సైన్సు చెప్పిన టీచరు.

ఇదంతా ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను కాని ఆ పొద్దున నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దావిడ అని కూడా చూడకుండా అరిచాను. "చిలక్కి చెప్పినట్టు చెప్పేను కదండీ! మీ చేతులతో మీరే చంపేరు మామ్మగారూ," అన్నాను. బాబాయిగారు నేలకేసి చూస్తూ నిలబడ్డారు. మామ్మగారు చీర కొంగుతో చేతులు తుడుచుకుంది, అప్పటికి ఆ చేతులకి తడేమీ లేదు. ఇంట్లోకి వెళ్ళిపోయింది. నాకు జాలి వేయలేదు. ఇన్నాళ్ళకి ఒకసారైనా తగిలిందిలే అనిపించింది.

టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది. ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో "నేను చెప్పనిదే ట్యాంకులో ఏమీ వేయరాదు" అని రాసి షెడ్డు తలుపుకి తగిలించాను. మామ్మగారికి చదువు రాదు. "ఏం రాసేవమ్మా?" అని అడిగితే చదివి వినిపించాను. రెండోసారి కూడా చదివించుకుంది. వెటకారం చేస్తోందనుకున్నాను.

రెండో విడత గుడ్లు రోహిణి కార్తెలో వచ్చాయి. రోళ్ళు పగిలే ఎండలంటారే, అవే. పైన రేకులు, కింద ఉప్పునీళ్ళ ట్యాంకు, మధ్యలో నేను. సోమవారం తెల్లవారుజామున పిల్ల అయ్యాయి. ఈసారి మొదటిదానికంటే బలంగా ఉన్నాయి. పక్క డ్రమ్ముల్లో వాటి మొదటి తిండి సిద్ధంగా ఉంది. కంటికి ఆనని నీటి పురుగులు అవి, గుక్కెడు నీళ్ళలో వందలు ఉంటాయి. నా నోటుపుస్తకంలో రాసుకున్న ప్రకారం పిల్ల నోరు తెరిచేది మూడో రోజు సాయంత్రం, అంటే బుధవారం. అంతా నా అదుపులో ఉందనుకున్నాను.

సోమవారం సాయంత్రం మైక్రోస్కోపు బల్బు మాడిపోయింది. ఎండ పట్టి చూడడానికి అది అద్దం ఉన్న పాతరకం కాదు. బుధవారం నాటికి బల్బు లేకపోతే నోరు తెరిచిందీ లేనిదీ ఎలా తెలుస్తుంది? అందుకని మంగళవారం పొద్దున్నే బయల్దేరి, పంటు మీద గోదావరి దాటి నర్సాపురం వెళ్ళాను. అక్కడ దొరకలేదు. భీమవరంలో ఉంటుందన్నారు. బస్సెక్కాను. నిలబడ్డానికి కూడా చోటు లేదు. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఒళ్ళంతా చెమటతో ఉండగా ఫోను మోగింది. మామ్మగారు.

"అమ్మాయ్, తెల్ల గిన్నెతో నీళ్ళు ముంచి చూసేను. ఒక్కోదానికీ రెండేసి నల్ల చుక్కలు కనపడతన్నాయి. నిన్న లేవమ్మా. కళ్ళు వచ్చేసినట్టున్నాయి. నిన్నటిలాగ వేలాడ్డం లేదు కూడాను. అడ్డంగా నిలబడి దేనికోసమో ఎగబడతన్నాయి. డ్రమ్ములో పురుగు నీళ్ళు ఒక చెంబుడు పొయ్యమంటావా?"

ఆవిడ చెప్పిన ప్రతి ముక్కా నేను నేర్పిందే. కళ్ళు నల్లబడడం, వేలాడడం మానేయడం, అన్నీ. ఆ రోజు మైక్రోస్కోపు దగ్గర నేను చెప్పింది ఆవిడ ఒక్కటీ పోగొట్టుకోకుండా పట్టుకుంది. నాకది తట్టలేదు. నాకు వినపడింది మొదటి విడత నాటి కోడిగుడ్డు ఒక్కటే.

"మామ్మగారూ, మళ్ళీ మొదలెట్టకండి," అన్నాను. బస్సులో నలుగురూ నావైపు చూశారు. "ఇవాళ రెండో రోజే. అప్పుడే నోరు రాదు. రేపు సాయంత్రం నేను వచ్చి చూసేదాకా ఒక్క చుక్క కూడా పొయ్యొద్దు. ఎవరూ ట్యాంకు దగ్గరికే వెళ్ళొద్దు. ఈసారి పోయాయంటే నేనింక మీ గుమ్మం తొక్కను."

"అలాగేనమ్మా, ఎండలో తిరగమాకు," అని ఫోను పెట్టేసింది.

భీమవరంలో బల్బు దొరికేసరికి సాయంత్రమైంది. ఆ రోజుకి పంటు అందదని నర్సాపురంలో మా పిన్నిగారింట్లో పడుకున్నాను. బుధవారం పొద్దున రేవుకి వస్తే పాటు తీసి నీళ్ళు తగ్గిపోయాయి. పంటు కదలదన్నారు. మళ్ళీ పోటు వచ్చేదాకా ఆ ఎండలో, మోటారు సైకిళ్ళ మధ్య, బల్బు పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గోదావరిని తిట్టాను, పంటువాళ్ళని తిట్టాను. షెడ్డు చేరేసరికి మూడు దాటింది. ట్యాంకులో నీళ్ళు తేటగా ఉన్నాయి. ఏ వాసనా లేదు. ఎవరూ ఏమీ వేయలేదు. ఎన్నాళ్ళకి నా మాట విన్నారు అని సంతోషంతో బల్బు బిగించాను.

పిల్ల కళ్ళు నల్లగా, పూర్తిగా తయారై ఉన్నాయి. నోరు తెరిచి మూస్తోంది. పేగు రెండు వైపులా విడి ఉంది, దాంట్లో ఏమీ లేదు. ఒంటి కింద సొన సంచి కూడా లేదు. ఇంకో చుక్క తీశాను. ఇంకోటి తీశాను. అన్నీ అంతే. అవి నోరు తెరిచి అప్పటికే ఒక పగలూ రాత్రీ దాటిపోయాయి.

నేను పని నేర్చుకున్న చోట నీళ్ళని ఏడాది పొడుగునా ఒకే చల్లదనంలో ఉంచేవారు. నా నోటుపుస్తకంలోని మూడో రోజు సాయంత్రం ఆ నీళ్ళ లెక్క. రోహిణి కార్తెలో, రేకుల కింద, గోరువెచ్చని నీళ్ళలో పిల్ల తొందరగా ఎదుగుతుంది. కన్ను తొందరగా వస్తుంది, నోరు తొందరగా వస్తుంది, సొన తొందరగా అయిపోతుంది. ఇది నాకు తెలియనిది కాదు. పరీక్షలో అడిగితే రెండు పేజీలు రాసేదాన్ని. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు.

పురుగు నీళ్ళు చెంబులతో పోశాను. గంట ఆగి పది పిల్లల్ని పళ్ళెంలోకి తీసి చూశాను. రెండిటి పేగులో ఏదో కదిలింది. మిగతా ఎనిమిదింటి మూతుల ముందు నుంచే పురుగులు ఈదుకుంటూ పోతున్నాయి. వాటి కళ్ళు బాగున్నాయి, చూస్తున్నాయి కూడా. ముందుకు దూకి అందుకునే ఓపిక లేదు. నేను ఆ పళ్ళెం మీద వంగి, తినండే, తినండే అని పైకే అన్నాను. పక్కన ఎవరైనా ఉంటే నాకూ మామ్మగారికీ తేడా కనిపించేది కాదు.

శుక్రవారానికి ట్యాంకు అడుగు బూడిద చల్లినట్టయింది. తిన్న ఆ కాసినీ కూడా శనివారం దాటలేదు. ఆదివారం నేను చర్చికి వెళ్ళలేదు. దేవుడి ముందు కూర్చుని ఏమడగాలో తోచలేదు, పైగా మెట్ల దగ్గర నాన్నగారు ఉంటారు.

ఆ మధ్యాహ్నం షెడ్డులో ట్యాంకు కడుగుతుంటే బాబాయిగారు వచ్చారు. నా మొహం చూసి తనే ఓ దారి చూపించారు. "ఈ గుడ్లే మంచివి కావేమోనండి. అంత ఎండలో అంత దూరం వచ్చేయి. మీరు మాత్రం ఏం చేస్తారండి." గోదావరి మర్యాద అది. ఎదుటి మనిషి పడిపోతుంటే కింద పరుపు వేస్తారు. నేను ఔననలేదు, కాదనలేదు. బక్కెట్టుతో నీళ్ళు పారబోస్తూ ఉండిపోయాను. ఆ నిమిషంలో నాకు చాలా హాయిగా అనిపించింది. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఆయన నా ఎదుటే గుడ్లు పంపిన హేచరీకి ఫోను చేశారు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, పుచ్చిపోయిన గుడ్లు అంటగట్టేరని గట్టిగట్టిగా మాట్లాడుతున్నారు. అవతల ఎవరో కుర్రగొంతు, నాలాంటి జీతగత్తె కాబోలు, "బాగా చూసే పంపేనండి, నిజంగానండి," అని బతిమాలుతోంది. ఫోనులోంచి నాకు వినపడుతూనే ఉంది. ఆ అమ్మాయికి కూడా ఈ ఫోనుతో పని పోవచ్చు.

"బాబాయిగారూ, ఆవిణ్ణి తిట్టకండి," అన్నాను. "గుడ్లు మంచివే. మంగళవారం మధ్యాహ్నమే మామ్మగారు నాకు ఫోను చేసి చెప్పేరు, కళ్ళు వచ్చేయి, తిండి వేద్దామని. నేనే వద్దన్నాను. ఆకలితో పోయేయి. తప్పు నాది."

ఆయన "మళ్ళీ చేస్తానండి" అని ఫోను పెట్టేశారు. నేను తిట్లకి సిద్ధపడి నిలబడ్డాను. తిడితే నాకు సులువయ్యేది. ఆయన ట్యాంకు అంచు మీద చెయ్యి వేసి, మామూలు గొంతుతోనే చెప్పారు.

"నాకు తెలుసండి. మీ మాట పోకూడదనే వాళ్ళ మీద పడ్డానండి. మీరు ఫోన్లో కోప్పడ్డాక అమ్మ కుర్చీ తెచ్చుకుని ఈ ట్యాంకు పక్కనే కూర్చుందండి. ఆకలికి ఎగబడతన్నాయిరా, చూళ్ళేకపోతన్నాను అని ఒకటే గోల. నేను ఒక చెంబుడు పోసేద్దామన్నానండి, మీకు చెప్పొద్దులే అన్నాను. చెంబు నా చేతిలోంచి లాగేసుకుంది. ఆ అమ్మాయికి మనం ఒకసారి చేసింది చాలు, మళ్ళీ మనవల్ల దాని పని చెడకూడదు అంది. రాత్రి కూడా ఇక్కడే కూర్చుందండి, ఎవరూ ఏమీ వెయ్యకుండా."

మామ్మగారు అప్పుడు ఇంట్లోనే ఉన్నారు. అక్కడిదాకా వెళ్ళడానికి నాకు చాలాసేపు పట్టింది.